డాక్టరమ్మ ముందు కదలని తూనీగ

మాదాపూర్ గుట్టల మీద అద్దాల మేడలు మొలుస్తున్న కాలమది. ఇప్పుడైతే ఫోన్‌లో నాలుగు ప్రశ్నలకు జవాబులు నొక్కి, "నాకు ధ్యాస కుదరదు, ఏడీహెచ్‌డీ ఉందట" అని చాయ్ తాగినంత తేలిగ్గా చెప్పేస్తున్నారు. వింటే నాకు ఒళ్లు మండుతుంది. అదెలా తేలుస్తారో దగ్గరుండి చూసినవాణ్ణి మరి!

అప్పట్లో ఆ మేడల్లో వైరింగ్ పనిచేసేవాణ్ణి. బడి నన్ను ఆరో తరగతిలోనే సాగనంపితే కరెంటు పనీ, చదువూ రెండూ సొంతంగానే నేర్చుకున్నాను (షాకులు తింటూ). బోరబండలో మా ఇల్లు. రెండో తరగతిలో ఉన్న మా అమ్మాయి ఎక్కడా వాలేది కాదని అందరూ తూనీగ అనేవారు. ఒకరోజు బడి పెద్ద టీచరు పిలిచి, "డాక్టరుకు చూపెట్టుండ్రి. గిట్లనే ఉంటే వచ్చే ఏడు సీటు ఇయ్యం" అన్నది. నన్ను పంపినట్టే నా బిడ్డనూ పంపేస్తారా?

అద్దాల మేడల ముందు కుర్రాళ్లు ఇంటర్వ్యూలకు జవాబులు వల్లె వేయడం రోజూ చూసేవాణ్ణి. తూనీగనూ అలాగే తయారు చేశాను. పీట మీద కూర్చోబెట్టి, "చేతులు కట్టుకో, కాళ్లు ఊపకు, గుడ్ మార్నింగ్ చెప్పు" అని వారమంతా ఒకటే తర్ఫీదు. మా ఆవిడ నవ్వింది: "ఏందయ్యా గిది? పిల్లను దవాఖానకు తీస్కపోతున్నవా, నౌకరీకా?"

పిల్లల మనసు చూసే డాక్టరమ్మ గదిలో తూనీగ బొమ్మలా కూర్చుంది. నేను మీసం దువ్వి, "చూసిండ్రా మేడమ్? మా బిడ్డకేం లేదు. నమ్మకపోతే తలకాయకు ఫోటో తియ్యుండ్రి" అన్నాను.

ఆవిడ నవ్వలేదు, కసరలేదు. "ఫోటోలో ఇది కనబడదండీ, రక్తంలోనూ దొరకదు. కొత్త మనిషి ముందు చాలామంది పిల్లలు బుద్ధిగానే కూర్చుంటారు. నాకు ఈ గంట చాలదు. ఇన్నాళ్లూ పాప ఎలా ఉందో చెప్పండి" అన్నారు.

ఇక తవ్వడం మొదలుపెట్టారు. ఎప్పటినుంచి ఇలా? బళ్లోనేనా, ఇంట్లో కూడానా? తన వంతు వచ్చేదాకా ఆగుతుందా? నిద్ర పడుతుందా? ఇంట్లో భయాలేమైనా ఉన్నాయా? కళ్లూ చెవులూ పరీక్ష చేయించారు (సరిగ్గా వినబడకపోయినా పిల్లలు దిక్కులు చూస్తారట). మమ్మల్ని విడివిడిగా అడిగారు, టీచరు మాట వేరే తెప్పించుకున్నారు, మళ్లీ మళ్లీ రమ్మన్నారు. లైటు వెలగలేదని ముందే బల్బును తిట్టకుండా ఒక్కో తీగనూ పట్టి చూసే మనిషి! లోపల్లోపలే దండం పెట్టుకున్నాను.

చివరికి చెప్పారు: "ఏడీహెచ్‌డీ అండీ. పాప మొండితనం కాదు, మీ పెంపకం తప్పూ కాదు." బడికి తనే ఫోన్ చేసి నచ్చజెప్పారు. సీటు నిలిచింది, అదీ ముందు బెంచీలో.

ఆ సంగతి తేల్చిన రోజే డాక్టరమ్మ నావైపు చూసి, "చిన్నప్పుడు మీరెలా ఉండేవారండీ?" అన్నారు.

అప్పుడు చూసుకున్నాను. కుర్చీలోంచి ఎప్పుడు లేచానో, గుర్రుమంటున్న ఆ గది ఫ్యాను రెగ్యులేటరు విప్పి, మరలు అరచేత పట్టుకుని నిలబడి ఉన్నాను.

"కూసో నాయినా! చేతులు కట్టుకో!" అంది తూనీగ.

"గిప్పుడు గూడ గిట్లనే మేడమ్," అంది మా ఆవిడ, "ఇగ మీరే చెప్పుండ్రి, గీయనకు గూడ ఉన్నట్టేనా?"

"ఫ్యాను చూసి చెప్పలేనండీ," అన్నారు డాక్టరమ్మ, ఈసారి నవ్వుతూ. "ఆయన్నీ మొదటినుంచీ అడగాలి. రమ్మనండి."

వస్తానన్నాను. దారిలో ఇంకేదో పని తగిలింది. ఆ మరల్లో ఒకటి ఇప్పటికీ నా పనిపెట్టెలోనే ఉంది. రేపు తప్పకుండా వెళ్లి ఇచ్చేయాలి.