మంత్రసాని బాబాయి జ్వరం

సొంత అక్క భర్త నడిపే డెయిరీలో బాబాయిని అందరూ మంత్రసాని అనేవారు. కడుపులో అడ్డం తిరిగిన దూడను మోచేతిదాకా చెయ్యి పెట్టి సర్ది, బతికించి బయటికి తీసేవాడు. "మా ఆవిడ కాన్పుకీ నువ్వే రావాలి" అని పాలు పితికేవాళ్లు ఆటపట్టిస్తే, "మీ ఆవిడ తన్ననని మాటిస్తే వస్తా" అనేవాడు.

ఒక ఏడాది చూలు ఆవులు ఒకదాని వెంట ఒకటి నెలలు నిండకుండానే ఈసుకుపోయాయి. వాటిలో ఆరు ఆవులకు కడుపులో ఉండిపోయిన మాయను బాబాయే వట్టి చేతులతో తీశాడు. ఆ తర్వాత ఆయనకు జ్వరం పట్టుకుంది. సాయంత్రానికి ఒళ్లు కాలిపోయేది, తెల్లారేసరికి చెమటతో పక్క తడిసిపోయేది. పదిరోజులు తగ్గినట్టే తగ్గి మళ్లీ తిరగబెట్టేది. నడుం పట్టేసింది.

ఏ మందూ పనిచెయ్యక డాక్టరు, "మీ పశువుల్లో రోగమేమైనా ఉందా?" అని అడిగాడు. బాబాయి వెళ్లి బావను అడిగాడు.

"ఎండ దెబ్బకి ఈసుకుపోయాయిరా అవి. ఆవులు గుండ్రాళ్లలా ఉన్నాయి, నా మాట నమ్ము."

బాబాయి నమ్మాడు. డాక్టరుకు ఒట్టేసి మరీ చెప్పాడు.

ఆర్నెల్ల తర్వాత ఒక మధ్యాహ్నం అక్క వంటింట్లో కూర్చున్నాడు. ఇంటి వెనకే ముప్పై ఆవులుంటే, అక్క కత్తెరతో పాల ప్యాకెట్టు కత్తిరిస్తోంది.

"మన పాలేమయ్యాయక్కా?"

"మీ బావ వద్దన్నార్రా."

"ఎప్పట్నుంచి?"

అక్క తలెత్తలేదు. "పోయినేడు ఆవులు ఈసుకుపోతుంటే పశువుల డాక్టరు వాటి రక్తం పరీక్ష చేశాడు, అప్పట్నుంచి. ఈసుడు రోగమట. మనుషులకీ అంటుకుంటుందట. బయటికి పొక్కితే మన పాలు ఎవరూ ముట్టుకోరని..."

"మా ఇంటికి మాత్రం రోజూ పంపావు."

"మీరు కాచుకునే తాగుతారుగా, ఏం కాదులే అనుకున్నా."

"పాలైతే కాచుకుంటాం. చేతులెలా కాచుకోనక్కా?"

అటునుంచటే డాక్టరు దగ్గరికి వెళ్లి, విన్నదంతా చెప్పాడు. "ఈ ముక్క అప్పుడే తెలిసుంటే..." అని డాక్టరు ఆగిపోయాడు. సరైన మందు మొదలుపెట్టేసరికి రోగం గుండెదాకా పాకింది.

డెయిరీ మూతపడింది. బావ ఆసుపత్రి మెట్లెక్కలేదు. అక్క మాత్రం రోజూ వచ్చి మంచం పక్కన కూర్చునేది. బాబాయి ఆమెతో చిన్ననాటి కబుర్లన్నీ చెప్పేవాడు. కడదాకా పల్లెత్తు మాట అనలేదు. ఆమె ఇంటినుంచి కాచి తెచ్చిన పాలు గ్లాసులో పోసి అందిస్తే, "అక్కడ పెట్టక్కా" అనేవాడు. సాయంత్రం వెళ్లేటప్పుడు అక్క ఆ పాలు కిటికీలోంచి పారబోసి, గ్లాసు కడిగి, సంచిలో పెట్టుకునేది.