పై అంతస్తు అక్క చెప్పిన బడి

ఈ మధ్యాహ్నం కువైట్‌లోని ఫహాహీల్‌లో మా మేడ కింద స్కూలు బస్సు ఆగితే, మా పాప కిటికీ అద్దానికి ముక్కు ఆనించి అది కదిలేదాకా చూసింది. బడికి వెళ్లాల్సిన ఈడే. కానీ మాటలు సరిగ్గా రాలేదు. వచ్చిన నాలుగూ మాకు తప్ప ఇంకొకరికి అర్థం కావు. దాన్ని పడుకోబెట్టి దీపం కింద కూర్చుంటే, మా పై అంతస్తులో ఉండి వెళ్లిపోయిన అక్క గుర్తొస్తోంది.

అక్కది కోనసీమ. ఇక్కడ అమెరికా సిలబస్ చెప్పే ఒక ప్రైవేటు బడిలో సోషల్ టీచరుగా చేసేది. "పేరులో అమెరికా, ఏసీలో కువైట్, టిఫిన్ డబ్బాల్లో కేరళ. అదమ్మాయ్ మా బడి" అని నవ్వించేది. శుక్రవారం వస్తే ఊరిబయట కబ్ద్ తోటల్లో పండిన గోంగూర కట్టలు ముందేసుకుని మా హాల్లోనే చతికిలబడేది. ఆకు తుంచుతూ అమెరికా బళ్ల చరిత్ర చెప్పేది. అన్ని తరగతులకూ ఒకే గది, చలికాలం పొయ్యిలోకి పిల్లలు ఇంటినుంచి తెచ్చే కట్టెలు, నల్లపిల్లలకు వేరే బడి, వాళ్ల చేతికి తెల్లపిల్లలు వాడి వదిలేసిన పుస్తకాలు. కళ్లారా చూసినట్టే చెప్పేది. మా ఆయన ఉండబట్టలేక, "అక్కగారూ, మీరు అమెరికాలో ఎన్నేళ్లున్నారు?" అని అడిగేశారు.

"ఆయ్, నేను కువైటే దాటలేదండి. వాళ్ల బళ్ల సంగతి మాత్రం వాళ్లకన్నా నాకే ఎక్కువ తెలుసండి!"

ఇండియన్ స్కూలు వాళ్లు పాపను వద్దన్న వారం అక్క నవ్వించలేదు. గోంగూర పక్కకు నెట్టి ఇంకో కథ చెప్పింది. అమెరికాలోనూ ఒకప్పుడు మాట రాని పిల్లల్ని, నడవలేని పిల్లల్ని గుమ్మంలోంచే పంపేసేవారట. "ఆ తల్లులు ఊరుకున్నారనుకున్నావా? కోర్టుకెక్కారమ్మాయ్. ఏ బిడ్డనీ కాదనడానికి లేదని చట్టం వచ్చేదాకా వదల్లేదు. మాది అమెరికా బడి కదా, ఆ రూలు మాకూ ఉండి తీరాలి. పాపని మా దగ్గరికి తీసుకొచ్చెయ్" అంది. నాకూ అలాగే అనిపించింది. పుస్తకాలతోపాటు చట్టమూ వచ్చే ఉంటుందనుకున్నాను. కొత్త బూట్లు కూడా కొన్నాను.

అడ్మిషన్ల మేడం మంచిదే. పాప ముందు రంగు దిమ్మలు పెట్టి పేరు అడిగింది. పాప తలెత్తలేదు. దిమ్మలన్నీ వరసగా పేర్చి, ఒకటి తీసి ఆవిడ చేతిలో పెట్టింది. ఆవిడ దాన్ని పట్టుకునే, తమ దగ్గర అలాంటి పిల్లలకు టీచర్లు లేరంది. నా పక్కన కూర్చున్న అక్క గొంతు పెంచి చట్టం సంగతి ఎత్తింది. "అది అక్కడి ప్రభుత్వ బళ్లకు, టీచర్. ఇక్కడికి సిలబస్ ఒక్కటే వచ్చింది" అంది మేడం, ఎంతో మెల్లగా. అక్క వంగి పాప కొత్త బూట్ల లేసులు బిగించింది.

ఆ తర్వాత తరగతిలో అక్కకు ఆ చట్టం పాఠమే చెప్పాల్సి వచ్చిందట. ఒక పిల్ల లేచి, "మిస్, మరి మన స్కూల్లో అలాంటివాళ్లు ఎవరూ లేరేం?" అని అడిగిందట. బోర్డు వైపు తిరిగి చాలాసేపు తుడిచానని చెప్పింది అక్క.

అప్పటినుంచి రోజూ సాయంత్రం పాపను పైకి తీసుకెళ్లి తనే నేర్పేది. పాప మాటల్లో రెండు అక్క ఇంట్లో వచ్చినవే. ఇంతలో అక్కవాళ్లాయన ఉద్యోగం పోయింది, ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా గడువు అయిపోయింది, ఖలాస్. సామాన్లు కట్టుకున్నారు. సూట్‌కేసు మీద కూర్చుని జిప్పు లాగుతున్న అక్కను చాలాకాలంగా మనసులో ఉన్న మాట అడిగాను.

"అక్కా, కోర్టుకెళ్లిన ఆ తల్లుల పిల్లలకి చివరికి సీటు దొరికిందా?"

జిప్పు లాగడం ఆపింది. "కొందరికి దొరికే ఉంటుందమ్మాయ్. చాలామందికి అప్పటికే మీసాలొచ్చేసుంటాయి."

చట్టం ఎన్నేళ్లు ఆలస్యంగా వచ్చినా, వచ్చిందనే చరిత్ర రాసుకుంటుంది. మా పాపకు మాత్రం ఆరో ఏడు వచ్చే నెలతో అయిపోతుంది.