మానేసిన బేరాలు

ఈ ఉదయం ఓ పెద్ద డాక్టరుగారి నుంచి మెయిల్ వచ్చింది. మందుల వల్ల కలిగే హాని మీద జరిగిన పరిశోధనలన్నీ ఒకచోట చేర్చి చూడటం మా బృందం పని. అచ్చుకాని సంగతులు అడిగి రాబట్టడం అందులో నా వంతు. బట్టల కొట్లో పెరిగినదాన్నని అది నాకే అంటగట్టారు. ఈయన ఒకప్పుడు ఓ మాత్ర మీద పరిశోధన చేశారు. ముందు మొత్తం వివరాలు కావాలన్నాను. కుదరదన్నారు. కుదరదని నాకూ తెలుసు, సగానికి దిగాలంటే మొత్తం అడగాలి మరి! "పోనీ పేర్లొద్దండీ, మధ్యలో మందు మానేసినవాళ్ళు ఎందుకు మానేశారో చెప్పండి, చాలు" అని రాశాను. అప్పట్లో పత్రికలో చోటు చాలక వెయ్యలేదట, ఇప్పుడు పంపారు. చదువుతూ ఒకచోట ఆగిపోయాను. కొందరు నోటికి రుచి తెలియక మానేశారు. మా పిన్ని వేసుకున్నదీ ఆ మాత్రే.

వన్‌టౌన్‌లో నేను పెరిగిన ఆ కొట్టు బాబాయిది, పెత్తనం పిన్నిది. కొనడానికొచ్చిన మనిషినే మా కొట్లో బేరం అంటారు. చీర రంగు వెలిసిందని పోట్లాటకొచ్చే బేరమంటే పిన్నికి బెదురు లేదు, కాఫీ ఇచ్చి కూర్చోబెట్టేది. ఏళ్ళ తరబడి వచ్చి, చెప్పాపెట్టకుండా మానేసిన బేరమంటేనే దిగులు. ఆటో ఎక్కి వాళ్ళింటికే వెళ్ళి, "ఏమ్మా, మా వల్ల పొరపాటేమన్నా జరిగిందా?" అని గుమ్మంలోనే అడిగేది. ఓసారి మంగళగిరి దాకా వెళ్ళి, ఆ ఇల్లాలు మానేసింది బాబాయి గొణుగుడు పడలేకేనని తెలుసుకొచ్చి, ఆయన చేత కొన్నాళ్ళు మౌనవ్రతం పట్టించింది.

అలాంటి పిన్నికి, ఆ మాత్ర మొదలుపెట్టాక నోటికి రుచి పోయింది. పటమటలో వాళ్ళింట్లో గోంగూర ముద్ద నోట్లో పెట్టుకుని, "మట్టి తిన్నట్టుందే అమ్మాయ్" అంది. డాక్టరుగారు వయసన్నారు. బాబాయి చాదస్తమన్నాడు. నేను ఆ మాత్ర మీద అచ్చయినవన్నీ గాలించి, "ఎక్కడా లేదు పిన్నీ" అన్నాను.

"లేదా, ఎవళ్ళూ అడగలేదా? మానేసినోళ్ళ ఇళ్ళకి వెళ్ళారా వాళ్ళు?"

"అడిగినా అచ్చులో వెయ్యలేదేమో."

"అయితే నువ్వెళ్ళి అడుగు. నీకు బేరమాడ్డం నేర్పింది వంకాయల కోసం కాదు."

ఆ తర్వాత ఆవిడ ఆ సంగతి ఎత్తడం మానేసింది. చారులో ఉప్పు చూడమని ఎవరో ఒకర్ని పిలిచేది, అంతే.

పిన్ని పోయి చాలాకాలమైంది. ఆవిడ రుచి పోయింది ఆ మాత్ర వల్లేనని ఈ మెయిల్ రుజువు చెయ్యదు. ఆ జాగ్రత్త నాకు ఉద్యోగం నేర్పింది. కానీ అప్పుడే దొరికుంటే, "నీ ఒక్కదానికే కాదు పిన్నీ" అనడానికి సరిపోయేది. ఆ మాట ఆవిడ బతికుండగానే ఎక్కడో ఎవరి బీరువాలోనో ఉంది. ఆవిడ ఇక్కడ పటమటలో ఉంది. ఆ మాటదీ ఆవిడదీ ఒకే కాలం. ఎదురుపడటానికే కాలం చాల్లేదు.