పూత మీద కొన్న తోటలు

"పిల్లి చేసిందంట! మీ మామ చేసిన పనికి పిల్లి పూచీ అంట, విన్నావా అమరప్పా?"

అంది అమ్మణి అత్త, నవ్వకుండా. హోసూరులో రక్తపరీక్షలు చేసే మేనల్లుడు అమర్‌నాథ్ తల వంచుకున్నాడు. మామ బాలసుబ్రమణ్యం నెత్తురులో పిల్లుల నుంచి సోకే సూక్ష్మజీవి జాడ ఉందనీ, అది సోకినవాళ్లు వ్యాపారంలో తెగిస్తారని కొందరంటున్నారనీ నోరు జారింది అతడే. "ఖాయంగా ఎవరూ చెప్పలేరు మామా" అన్న మాట మాత్రం మామ చెవికెక్కలేదు.

కృష్ణగిరిలో జాగ్రత్త గల మామిడి వ్యాపారులు పిందె నిలిచాక తోట కాపు కొంటారు. చాలా ఏళ్ల కిందట మామ ఒక ఏడు పూత దశలోనే మూడు తోటలు కొన్నాడు. వడగళ్లు పూతంతా రాల్చేశాయి. అప్పుల్లో మామ పండ్ల మండీ చేతులు మారింది. అమ్మణి పాదం మంచిది కాదన్నారు అత్తింటివాళ్లు, మామ కాదనలేదు. ఇన్నేళ్లకు ఇప్పుడు వీధి అరుగు మీద కూర్చుని, నెత్తురులోని పురుగు చేసిన పనేనంటూ జాలి మూటగట్టుకుంటున్నాడు.

"గోడౌన్లో ఎలుకలకని పిల్లుల్ని సాకింది నేను. వాటి పెంట ఎత్తింది నేను. మీ మామ ఒక దినమన్నా ఎత్తినాడా? పూత మీద కొనొద్దని చెప్పేదానికి గొంతుదాకా వచ్చింది, మింగేసినాను. ఆ పురుగు ఇచ్చే ధైర్యం నాకెందుకు రాలేదప్పా?"

"అత్తా, అది అట్లా తేలేది కాదు..."

"తేలకపోతే పోనీ." ఆమె మోచేతి దాకా గాజులు ఎగదోసి చెయ్యి చాపింది. "నా నెత్తురూ తీసుకపో. నాకూ ఉందని తెలిస్తే, ఆ అరుగు ముందరే నిలబడి అందరికీ ఇనపడేట్ల చెప్పిపో నాయనా."