అత్తమ్మ పోసిన పాలు

కాటన్‌పేటలో మా ఇంటి కోడళ్ళ తాళిలో పగడాలన్నీ ఒకే దండవి. కొత్త కోడలు వస్తే అత్తగారు తన దండలోంచి ఒక పూస తీసి ఆమె తాళిలో గుచ్చుతుంది. బిడ్డ పుట్టినాక రెండోది. నాకు మొదటిది దక్కింది. మా ఆయనా నేనూ చూపించుకోని డాక్టరు లేడు, రెండోది మాత్రం అత్తమ్మ మెడలోనే ఉండిపోయింది. ఆమె ఒక్కనాడూ ఎత్తిపొడవలేదు. అట్లాంటి మనిషినిచ్చినందుకు రోజూ దేవుడికి దండం పెట్టుకునేదాన్ని. అడిగేది మాత్రం ఆ పూసనే.

ఎనభైల నడుమ, సముద్రపు జీవాలమీద పరిశోధన చేసే మా మరిది రామేశ్వరం వైపునుంచి ఒక పగడపు ముక్కను ప్రాణంతో తెచ్చినాడు. కాలేజీకి సెలవులని గాజుతొట్టిలో ఉప్పునీళ్ళు పోసి నడవలో పెట్టినాడు. అత్తమ్మ వంగి చూసి, "ఎర్రగా లేదే. ఎవరో నిన్ను బాగా మోసం చేసినారప్పా" అనింది. ఇది పూసల పగడానికి దూరపు చుట్టమనీ, రాయిలా ఉన్నా ప్రాణమున్నదనీ అతను నవ్వుతూ చెప్పినాడు.

నేను బడికి పోయినదాన్ని కాను, నాన్న ఇంట్లో దిద్దించిన అక్షరాలే నావి. అయినా ఏమడిగినా మరిది విసుక్కోడు. ఏడాదికొకసారి, పున్నమి దాటినాక, పగడాలు గుడ్లూ బీజాలూ ఒక్కసారే నీళ్ళలోకి వదులుతాయట. ఒకదానివి వేరొకదానివాటితో కలవాలి. ఈ ముక్క దొరికిన చోట ఎన్ని తెచ్చి పరీక్షించినా అన్నిటి గుణాలూ ఒకటేనట. ఒకే పగడం అలలకు విరిగి, ముక్కలు పడినచోటే అతుక్కొని పెరిగినవట.

"అయితే అవి దాని బిడ్డలు కావా?"

"కావు వదినా. అన్నీ అదే. గుడ్లయితే వదులుతాది, కలిసేదానికి వేరేది లేదు."

పిండి రుబ్బుతూ విన్నాను. చెయ్యి ఆపలేదు.

మంగళవారం కుజుడిది, పగడమూ ఆయనదే. ఆ రోజు తాళిలో పగడాన్ని పాలతో తడపడం మా ఇంటి ఆచారం. ఆ మంగళవారం పూజయినాక అత్తమ్మ చెంబెడు పాలు, చిటికెడు పసుపు తొట్టిలో పోసి, నా పేరు చెప్పి మొక్కుకుంది.

మరిది ఎన్నిసార్లు నీళ్ళు మార్చినా లాభం లేకపోయింది. ఒంటిమీది కండంతా జిగురై జారిపోయి తెల్లటి రాయి మిగిలింది. అత్తమ్మ గడపమీద కూలబడింది.

"పిల్లకోసం పోస్తినప్పా. ప్రాణముండేదానికైతే మన మాట వినపడతాదనుకుంటి."

మరిది తొట్టి ఎత్తి పెరట్లోకి తీసుకుపోయినాడు.

నాకోసం ఒకరు అంత ఆశపడినారు. ఆ పుణ్యం చాలదా అని ఇప్పటికీ అనుకుంటాను. చాలదు. ఆనాటినుంచి దేవుణ్ణి అడగడం నాకు చేతకాలేదు. దీపం పెడతాను, దండం పెడతాను, అంతటితో సరి.

మరిది పెళ్ళి మాటే ఎత్తనీయలేదు. అత్తమ్మ పోయేముందు దండ మొత్తం నా చేతిలో పెట్టింది. పాలకు నాని దారం చీకిపోయినప్పుడల్లా కొత్తది తెచ్చి మళ్ళీ అవే పూసలు గుచ్చుకుంటాను.