చాపిన చేయి

స్నూకర్‌లో ఒక మర్యాద ఉంది. ఇక గెలవలేననుకున్న ఆటగాడు బంతులన్నీ అయిపోయేదాకా ఆగడు. క్యూ కర్ర పక్కన పెట్టి ఎదుటివాడికి చేయి చాపుతాడు. అవతలివాడు ఆ చేయి అందుకుంటే ఆట ముగిసినట్టే. మా అన్నయ్యను ముంచింది ఈ మర్యాదే.

మా నాన్న స్టీలు కార్ఖానాలో కొలిమి పని చేసేవాడు. ఆ కార్ఖానా వాళ్ళ బారిడీహ్ క్వార్టర్ల నుంచి వెళ్ళిన అన్నయ్య కుర్రతనంలోనే జాతీయ ఛాంపియన్ అయ్యాడు. బంతి ఎక్కడ ఆగాలో ముందే చెప్పి మరీ ఆపేవాడు. కోపం మాత్రం ముక్కు మీదే. జనంలో ఎవరైనా దగ్గితే తిరిగి గుడ్లురిమేవాడు. ఇంట్లో కూరలో ఉప్పు తగ్గితే కంచం ముందు నుంచి లేచిపోయేవాడు. ఆ మహారాజు గారి అలక తీర్చలేక అమ్మ ప్రాణం విసిగిపోయేది.

రెండోసారి టైటిల్ కోసం ఆడిన ఫైనల్‌కి నేనూ వెళ్ళాను. చివరి ఫ్రేములో, అంటే గెలుపు తేల్చే ఆఖరి ఆటలో, ఎదుటివాడు గురి తప్పి కొట్టిన బంతి, అదృష్టం కొద్దీ వేరే పాకెట్‌లో పడింది. జనం నవ్వారు. అన్నయ్య మొహం నల్లబడింది. గెలవడానికి సరిపడా బంతులు బల్ల మీద ఇంకా ఉన్నాయి. అయినా వెళ్ళి చేయి చాపేశాడు. అవతలివాడు బిత్తరపోయి, రిఫరీ వైపు చూసి, అందుకున్నాడు.

"ఏటిరా, ఓడిపోనేదు కదా, ఎందుకొగ్గేసినావు?" అని ఇంటికొచ్చాక నాన్న అడిగాడు.

"ఛోడో నా," వదిలెయ్యమని హిందీలో విసుక్కుని అన్నయ్య చెప్పులేసుకుని బయటికి పోయాడు.

ఆ తర్వాత అదే అలవాటైంది. చిరాకేస్తే చేయి చాపడం, ఆపైన తాగడం. పోటీలకు పిలిచేవాళ్ళు తగ్గారు. పిల్లలకు ఆట నేర్పే ఉద్యోగం దొరికితే అదీ వదిలేశాడు. ఇప్పుడు అదే ఊళ్ళో, సోనారిలో, చెల్లెలినైన నా దగ్గరే ఉంటున్నాడు.

ఈ మధ్య లివర్ పాడైందని తెలిసింది. కష్టమే గాని ఇంకా దారి ఉందని, తాగుడు మానేసి వెంటనే ఆసుపత్రిలో చేరమని డాక్టరు చెప్పాడు. అన్నయ్య కుర్చీలోంచి లేచి, "థాంక్యూ డాక్టర్ సాబ్," అని చేయి చాపాడు. డాక్టరుకేం తెలుసు, నవ్వుతూ తన చేయి ముందుకు పెట్టాడు.

డాక్టరు అందుకోకముందే అన్నయ్య చేయి లాక్కున్నాను.

"కూకో అన్నియ్యా! బంతులింకా ఉన్నాయి," అని అరిచాను.

గుడ్లురుముతాడనుకున్నాను. ఉరమలేదు.

"అలిసిపోనానే," అన్నాడు మెల్లగా.

ఆ గొంతులో ఎంత వెతికినా కోపం లేదు. జన్మంతా మమ్మల్ని ఏడిపించిన ఆ కోపం కొంచెమైనా మిగిలి ఉంటే బావుండునని, ఆ చేయి పట్టుకుని, ఏడ్చాను.