వరస కలిపి కొట్టిన గాలి

మా అమ్మకూ నాకూ ఏళ్ళ తరబడి ఒక్క మాట మీదే తగువు. ఆ మాట గాలి.

నాకు గాలి అంటే కొన్ని వాయువుల మిశ్రమం. నరసరావుపేటలో హైస్కూలు పిల్లలకు ఆ పాఠమే చెప్పేవాణ్ణి. గాజు గ్లాసును బోర్లించి నీళ్ళలో ముంచి, లోపలికి నీళ్ళెందుకు ఎక్కడం లేదో చూడమనేవాణ్ణి. అమ్మకు గాలి అంటే మనుషులకు సోకేది. పసిబిడ్డ పాలు కక్కితే గాలి, కొత్త కోడలు ముభావంగా ఉంటే గాలి, గేదె పాలు ఎగబెడితే గాలి. సెలవులకు గురజాల దగ్గర మా ఊరికి వెళ్ళినప్పుడల్లా మేమిద్దరం అన్నం ముందు కూర్చునే తగాదా మొదలుపెట్టేవాళ్ళం. ఈ ఒక్క మాటను పెట్టుబడిగా పెట్టుకుని పల్లెల్లో బతుకుతున్న తాయెత్తుల వాళ్ళ మీద నేను హేతువాద సభల్లో నిప్పులు కురిపించేవాణ్ణి. జబ్బు మనిషిని డాక్టరు దగ్గరికి పోనివ్వకుండా ఆపిన ప్రతి వేపమండా నేరమేనని అన్నాను, ఇప్పటికీ అంటాను. ఒకసారి మా ఊళ్ళోనే సభ పెడితే అమ్మ వచ్చి ముందు వరసలో కూర్చుని మొత్తం విన్నది. ఇంటికొచ్చాక, "గొంతు బాగుంది నాయనా, చెప్పిందే బాగాలేదు" అంది.

ఎనభైల నడుమ, పత్తికి పురుగు తగులుకుని పల్నాడంతా మందు వాసన కొట్టిన రోజుల్లో, మా తమ్ముడు చేలో పడిపోయాడు. చొక్కా లేకుండా మందు డబ్బా వీపుకు తగిలించుకుని పొద్దుటినుంచీ కొడుతున్నాడు. డబ్బా అడుగు కారుతూ వీపంతా తడిసింది. అది చెమటే అనుకుని పట్టించుకోలేదు. నోట్లోంచి చొంగ, చర్మం కింద కండలు వాటంతటవే అదరడం, పిలిస్తే పలక్కపోవడం. చుట్టూ చేరిన వాళ్ళంతా ఒకటే మాట అన్నారు. గాలి! మంత్రగాడి కోసం మనిషిని కూడా పంపారు. తమ్ముడి భార్య మాత్రం మొగుడి ఒంటి మీదికి వంగి వాసన చూసింది.

"గాలీ లేదు గీలీ లేదు. మనిషంతా మందు కంపు కొడతన్నాడు. జీపు మాట్లాడండి!" అని అరిచిందట.

అట్లా వాళ్ళు నరసరావుపేట చేరారు. బస్టాండుకు దగ్గర్లో ఉన్న చిన్న ఆసుపత్రి అది. కబురందగానే నేను బడి నుంచి చేతికి సుద్దపొడితోనే పరుగెత్తాను. అప్పటికే డాక్టరు తమ్ముడికి సబ్బుతో ఒళ్ళు కడిగించి సూదిమందు ఎక్కిస్తున్నాడు. వయసులో నాకన్నా చిన్నవాడు, నిదానస్తుడు. తమ్ముడి ఛాతీ మాత్రం పైపైనే కదులుతోంది. చూస్తుండగానే ఆ కదలికా సన్నగిల్లింది. డాక్టరు మమ్మల్ని పక్కకు జరగమని, గొంతులోకి గొట్టం దించి, దాని చివర ఒక నల్లటి రబ్బరు సంచి తగిలించాడు.

"గుండె బాగానే కొట్టుకుంటోంది. ఊపిరి తీసే కండరాలు మందు దెబ్బకు పడిపోయాయి. అవి తేరుకునేదాకా మనమే గాలి పెట్టాలి. ఊపిరి మిషను మా దగ్గర లేదు. గుంటూరు దాకా ఆ గతుకుల్లో తీసుకెళ్ళడం కన్నా ఇక్కడే ఉంచి ఇది నొక్కడం మేలు. ఒక్క నిమిషం కూడా ఆపకూడదు. మా సిస్టరు ఒక్కతే ఉంది, వార్డంతా చూసుకోవాలి. మీరే మారి మారి నొక్కాలి" అన్నాడు.

నేను ఆ సంచిని అప్పుడే మొదటిసారి చూశాను. చిన్న సొరకాయంత ఉంటుంది. నొక్కితే లోపలి గాలి గొట్టం గుండా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వదిలితే దానంతటదే ఉబ్బి, వెనక బెజ్జం గుండా గదిలోని గాలినీ, పక్కన సిలిండరు నుంచి వచ్చే ఆక్సిజన్‌నీ పీల్చుకుంటుంది. మెడ దగ్గర ఒక వాల్వు. రోగి వదిలిన గాలి మళ్ళీ సంచిలోకి రాకుండా ఆ వాల్వు పక్క దారిన బయటికి పంపేస్తుంది. కరెంటు అక్కర్లేదు, చదువు అక్కర్లేదు. ఎంత ముచ్చటైన వస్తువు! దాన్ని చేసిన మనిషి ఎవరో గానీ మనిషి శరీరాన్ని భయం లేకుండా చూసి ఉంటాడు.

"మీరు ఊపిరి పీల్చేటప్పుడు నొక్కండి. వదిలేటప్పుడు వదలండి. అదే లెక్క" అని డాక్టరు నా చేతిలో పెట్టాడు.

నేను నొక్కాను. తమ్ముడి ఛాతీ లేచింది. వదిలాను. దిగింది. నా చేతిలో మా తమ్ముడి ఊపిరి ఉంది. చిన్నప్పుడు వాడికి ఈత నేర్పుతూ పొట్ట కింద చెయ్యి పెట్టి పట్టుకున్నప్పుడు ఉన్నంత బరువుగా ఉంది.

అమ్మ గుమ్మం దగ్గర నిలబడి ఉంది. డాక్టరు మాటల్లో ఆమెకు వినపడింది ఒక్కటే.

"గాలి పెడతన్నారా? ఎవరి గాలి?"

"ఎవరిదీ కాదమ్మా. మామూలు గాలి."

"ఎవరిదీ కాని గాలి ఉంటదా? నొక్కేవాడి గాలి దాంట్లోకి దిగి, అందులోంచి నా బిడ్డ గుండెల్లోకి పోతాంది. నాకు కనపడతానే ఉంది. నువ్వు నొక్కు. కోడలు నొక్కుద్ది. పైవాళ్ళు చెయ్యెయ్యడానికి లేదు."

నేను ఊరుకుంటానా? ప్రాణవాయువు గురించి మొదలుపెట్టాను. అమ్మ ఎదురు చెప్పింది. నేను గొంతు పెంచాను. అంతలో సిస్టరు పరుగున వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

"మాస్టారూ, ఏంటా నొక్కుడు? మీకు కోపం వచ్చినప్పుడల్లా మీ ఊపిరి పెరుగుతోంది, దాంతో పాటు ఈయనకూ పెంచేస్తున్నారు. పోట్లాడేటప్పుడు బ్యాగు ముట్టుకోకండి."

"ఆ మాట గట్టిగా చెప్పమ్మా. సభ బయట పెట్టుకోమను" అంది అమ్మ.

దాంతో నోరు మూసుకుని నొక్కాను. ఎంతసేపని నొక్కగలం? మరదలు తీసుకుంది. ఆమె చేతినుంచి మళ్ళీ నేను. పొద్దు వాలేసరికి నా వేళ్ళు కొంకర్లు పోయి విప్పుకోవడం లేదు. మరదలు రెండు చేతులతో పట్టుకుని, అవీ చాలక మోకాలికి ఆనించి నొక్కుతోంది. అమ్మ చేతుల్లో పట్టు లేదు. ప్రయత్నించింది గానీ సంచి సగం కూడా అణగలేదు. ఊరి నుంచి బంధువులు రావాలంటే మర్నాటి పొద్దుటి బస్సే దిక్కు.

పక్క మంచం మీద ఆయాసంతో చేరిన ఒక ముసలాయన ఉన్నాడు. ఆయన కొడుకు పేటలోనే ఆయిలింజన్లు బాగుచేసే మెకానిక్కు. ఎంత కడిగినా పోని నూనె మరకలతో గట్టి చేతులు. చాలాసేపటి నుంచి మమ్మల్నే చూస్తున్నాడు.

"మాస్టారూ, మీరు లేవండి. నేను పడతా. గాలి కొట్టడం నాకు కొత్తేం కాదు" అన్నాడు.

"వద్దయ్యా. ఏమనుకోమాక. నువ్వు మంచోడివే. నీ గాలి మావాడికి పోయకూడదు" అంది అమ్మ.

అతను నొచ్చుకోలేదు. నవ్వాడు. "గాలి నాది కాదమ్మా, రూముది. నేను కొడతానంతే."

ఆ మాటే నేను పూటంతా చెబుతున్నాను. నాది వినని మనిషి అతనిదీ వినలేదు. ఇంతలో మరదలి చేతిలో సంచి సగమే అణగడం మొదలైంది. తమ్ముడి ఛాతీ సరిగా లేవడం లేదు. పెదవులు నేరేడు పండు రంగుకు తిరుగుతున్నాయి. నేను లాక్కుని నొక్కబోతే నా బొటనవేలు వంగలేదు.

అమ్మ కొడుకు పెదవుల వంక చూసింది. తర్వాత ఆ మెకానిక్కు వైపు తిరిగింది. ఏం మాట్లాడబోతోందోనని మేమంతా చూస్తుంటే, పెళ్ళిచూపుల్లో అడిగినట్టు అడిగింది.

"మీ అమ్మ చెల్లెల్ని ఏమని పిలుస్తావయ్యా?"

"మా ఇళ్ళల్లో ఖాలా అంటామమ్మా. పిన్నమ్మ."

"నన్నట్టా పిలువు."

"ఖాలా."

"మరి ఈడు నీకేమవుతాడు?"

అతనికి అర్థమైంది. అప్పటికే చేతులు చాచి సంచి అందుకుంటున్నాడు. "తమ్ముడవుతాడు ఖాలా. నీ కొడుకు నాకు తమ్ముడు."

"ఇంకేం, నొక్కు మరి!"

సంచి నిండుగా అణిగింది. తమ్ముడి ఛాతీ లేచింది. కాసేపటికి పెదవుల్లో నలుపు విరిగింది.

ఇందులో హేతువు ఎక్కడుంది? ఎక్కడా లేదు. పిన్నమ్మా అని పిలిచినంత మాత్రాన ఊపిరితిత్తుల్లోకి పోయే వాయువు మారదు. నేను అమ్మతో ఆ మాట అనాలనుకుని, తమ్ముడి ముఖం చూసి మానుకున్నాను. మా పల్నాట్లో బస్సులో పక్క సీటు మనిషితో కూడా వరస కలపకుండా ఒక ఊరు దాటరు. బాబాయ్ కాస్త జరుగు, అక్కా సంచి పట్టుకో అంటారు. నేను దాన్ని మొహమాటం అనుకునేవాణ్ణి. అవసరానికి అది తలుపు గడియ తీస్తుందని తెలియదు. కులానికో మతానికో వేసి ఉన్న గడియను బద్దలు కొట్టాలని నేను గొంతు చించుకుంటాను. అమ్మ దాన్ని లోపలినుంచే తీసింది. తన నమ్మకంలో ఒక్క అక్షరం కూడా వదులుకోకుండా తీసింది. అది నాకు నచ్చలేదు. ఆ క్షణాన ఆమె పాదాలు పట్టుకోవాలని కూడా అనిపించింది.

ఆ తర్వాత అమ్మ వార్డులో మనుషుల్ని వెతకడం మొదలుపెట్టింది. గుమ్మం పక్కన ఒక పడుచు మనిషి నేల మీద కూర్చుని ఉంది. ఆమె మొగుడికి సున్నపురాయి క్వారీలో కాలు మీద బండ పడితే చేర్చారు. ఆమె కూడా అదే క్వారీలో రాయి మోస్తుంది. అమ్మ వెళ్ళి వివరం చెప్పేలోగానే ఆమె కొంగు బిగించి లేచింది.

"అంత దూరం ఎందుకు, నువ్వు నాకు అత్తవి. ఆయన నాకు బావ. అయిపాయె. జరగండి."

సంచి అందుకుని, స్పృహ లేకుండా పడి ఉన్న మా తమ్ముడి మీదికి వంగింది. "ఏం బావా, పరాయి ఆడమనిషి చేత ఊపిరి కొట్టించుకుంటా హాయిగా పండుకున్నావే? సిగ్గు లేదూ? పక్కన నీ పెళ్ళాం నా యంక ఎట్టా చూస్తాందో చూడు!"

పొద్దుటినుంచీ కన్నీటి చుక్క కూడా రాని మరదలు ఫక్కున నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది. ముసలాయన ఆయాసంలోనే నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు. సిస్టరు వచ్చి ఇది ఆసుపత్రా తిరనాళ్ళా అని అందర్నీ కసిరి, తమ్ముడి గోళ్ళు పట్టి చూసి, "రంగు బాగుంది. ఇట్లాగే నొక్కండి" అని వెళ్ళింది.

చేతుల నుంచి చేతులకు సంచి మారుతూ తెల్లవారింది. డాక్టరు వచ్చినప్పుడల్లా కళ్ళలోకి లైటు వేసి చూసి, సూదిమందు ఇచ్చి, "ఇంకా రాలేదు" అనేవాడు. అతను రాలేదన్నది ఊపిరి. ఆ మాట అన్నప్పుడల్లా అమ్మ గోడ వైపు తిరిగేది. పొద్దుటి బస్సుకు మా బంధువులు దిగారు. ఇక మీరు కూర్చోండి, మా వాళ్ళొచ్చారు అని మెకానిక్కుతో అంటే, "నేనెవరి వాణ్ణి మరి?" అని కసురుకుని తన వంతు తాను నొక్కాడు.

ఎండ కిటికీలోంచి మంచం మీదికి వచ్చాక, క్వారీ ఆమె వంతు నడుస్తుండగా, ఆమె ఉన్నట్టుండి నొక్కడం ఆపి చేతుల వంక చూసుకుంది.

"అత్తా! బావ నా చెయ్యి ఎదురు తోస్తన్నాడే!"

నేను కేకేసి డాక్టర్ని పిలిచాను. అతను వచ్చి, సంచిని వదిలి ఊరికే చూడమన్నాడు. ఎవరూ నొక్కలేదు. వాల్వులో చిన్నగా టిక్కుమని శబ్దం. తమ్ముడి ఛాతీ ఏ చేతి సాయమూ లేకుండా కొంచెం, చానా కొంచెం లేచింది. ఆగింది. మళ్ళీ లేచింది.

అమ్మ వాల్వు పక్క దారి దగ్గర అరచెయ్యి పెట్టింది. వాడు వదిలిన గాలి ఆమె చేతికి తగిలింది.

"వెచ్చగా ఉందిరా" అంది నాతో.

"వాడిదేనమ్మా" అన్నాను.

పూర్తిగా బలం వచ్చేదాకా వాడి ఊపిరికి సాయంగా నొక్కుతూ ఉండమన్నాడు డాక్టరు. మర్నాడు గొంతులో గొట్టం తీశారు. తీసిన కాసేపటికే క్వారీ ఆమె మంచం దగ్గరికి వచ్చి, "ఏం బావా, లేచావా?" అంది. వాడు ఆమెను ఎగాదిగా చూసి, పెళ్ళాం వంక భయంగా చూసి, గీరుకుపోయిన గొంతుతో నన్నడిగాడు.

"అన్నా, ఎవరీమె?"

అమ్మ అందుకుంది. "నీకు ఊపిరి కొట్టిన మనిషిరా. వరసకి మరదలు. దణ్ణం పెట్టు."

వాడు కళ్ళు మూసుకుని కాసేపు ఆలోచించాడు. మందు వాడి బుర్రను కూడా తిన్నదేమోనని డాక్టరు కోసం గుమ్మం వైపు చూశాను.

"మరదలికి దణ్ణమేందమ్మా?" అన్నాడు.

ఆమె నడుం మీద చేతులు పెట్టుకుని అమ్మ వైపు తిరిగింది.

"బుర్ర బానే పనిచేస్తాంది అత్తా. ఇంటికి తీసకపోవచ్చు."